పెట్రోల్ బంకు కింద ఇంకో ట్యాంకు

పోయిన ఏడాది జూన్‌లో ఓ ఆదివారం పొద్దున్నే బావ వీడియో కాల్ చేశాడు. బావంటే మా అక్క వాళ్లాయన. డాలస్‌లో ఉంటారు. పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. లేఆఫ్‌ల భయం మొదలయ్యాక, అక్కడి మనవాళ్లు చాలామందికి లాగే ఆయన కన్ను కూడా గ్యాస్ స్టేషన్ మీద పడింది. అంటే మన పెట్రోల్ బంకు.

"ఏరా బామ్మర్దీ, ఫ్లాట్ కోసం దాచిన డబ్బులున్నాయి కదా. ఓ పన్నెండు లక్షలు ఇందులో పెట్టు. నలుగురం ఫ్రెండ్స్ కలిసి కొంటున్నాం. డాలస్ నుంచి రెండు గంటల దూరం. రేటు చాలా తక్కువకి వస్తోంది."

"ఎందుకంత తక్కువ బావా?"

"అమ్మేది పెద్దాయన. రిటైర్ అయిపోతాడట."

నాకూ ఆశ పుట్టింది. సరే అన్నాను. రెండు వారాల తర్వాత ఆయనే ఒక పీడీఎఫ్ పంపాడు. 212 పేజీలు. "బ్యాంకువాళ్లు అప్పు ఇవ్వాలంటే ఈ రిపోర్టు కావాలన్నారు. ఫేజ్ వన్ అంటారు. నాకు చదివే ఓపిక లేదు. నువ్వు డాక్యుమెంటేషన్ చదివే మనిషివి కదా, ఓసారి చూసిపెట్టు" అని మెసేజ్.

నా డబ్బు కదా, చదివాను. రాత్రి రెండింటికి ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. అందులో 1970ల నాటి ఒక ఏరియల్ ఫొటో ఉంది. విమానం నుంచి తీసింది. ఇప్పుడు పంపులున్న చోట అప్పట్లో ఖాళీ స్థలం. పంపులేమో రోడ్డుకి ఇవతల మూల ఉన్నాయి. అంటే అప్పటి ట్యాంకులు వేరు, వాటి జాగా వేరు. వాటిని తవ్వి తీసేసినట్టు ఒక్క కాగితం కూడా దొరకలేదని కింద రాశారు. దానికి వాళ్లు పెట్టిన పేరు 'రికగ్నైజ్డ్ ఎన్విరాన్‌మెంటల్ కండిషన్'. మామూలు మాటల్లో చెప్పాలంటే, "ఇక్కడ ఏదో తేడాగా ఉంది, తవ్వి చూసుకోండి" అని.

బంకు లెక్కలో దాక్కునే లీకు

బంకులో మనకు కనిపించేది పంపు ఒక్కటే. అసలు సరుకంతా మన బండి నిలబడిన నేల కింద ఉంటుంది. అగ్నిప్రమాదాల భయంతో ట్యాంకుల్ని భూమిలో పాతిపెడతారు. అది మంచిదే. కానీ కంటికి కనబడనిదాన్ని ఎవరూ రోజూ తట్టి చూడరు. అమెరికాలో ఒకప్పుడు వేసినవి ఎక్కువగా ఉత్త ఇనుప ట్యాంకులు. పైపూత లేదు, రెండో గోడ లేదు. తడి మట్టిలో ఏళ్ల తరబడి ఉంటే ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది? ట్యాంకు బాగానే ఉన్నా, పంపు దాకా వెళ్లే పైపుల్లో, వాటి జాయింట్లలో కారేది కూడా తక్కువేం కాదు.

"అంత పెట్రోల్ పోతుంటే ఓనర్‌కి తెలీదా?" అని నాకూ అనుమానం వచ్చింది. లెక్క చూశాక అర్థమైంది.

బంకులో రోజూ పొద్దున్నే డిప్ తీస్తారు. పొడవాటి కొలబద్దని ట్యాంకులోకి దించి ఎంత సరుకుందో చూసి, నిన్నటి అమ్మకంతో సరిపోల్చుకుంటారు. ఈ లెక్క ఎప్పుడూ పైసాతో సహా కుదరదు. పెట్రోల్ వేడికి వ్యాకోచిస్తుంది. 20,000 లీటర్ల సరుకు ఉష్ణోగ్రత 5 డిగ్రీలు మారితేనే 100 లీటర్ల దాకా తేడా కనిపిస్తుంది. కొంత ఆవిరవుతుంది. ట్యాంకర్ దించేటప్పుడు కొంత తేడా వస్తుంది. అందుకే అమెరికా రూల్స్‌లో ఈ పాత పద్ధతికి కొంత వెసులుబాటు ఇచ్చారు. నెలలో వచ్చిపోయిన సరుకులో 1 శాతం, దానిమీద ఇంకో 130 గ్యాలన్లు. తేడా ఆ లోపుంటే అనుమానించక్కర్లేదు.

నెలకు లక్ష గ్యాలన్లు అమ్మే బంకు ఉందనుకుందాం. ఆ లెక్కన 1,130 గ్యాలన్లు, అంటే సుమారు 4,270 లీటర్ల తేడా వచ్చినా అది 'మామూలే'. చిన్న చిల్లు ఒకటి ఆ 'మామూలే' అన్న మాట వెనక ఏళ్లపాటు హాయిగా దాక్కోవచ్చు. మా సాఫ్ట్‌వేర్‌లో మెమరీ లీక్ అని ఒకటుంటుంది. యాప్ పనిచేస్తూనే ఉంటుంది, మెమరీ కొంచెం కొంచెంగా కారిపోతుంటుంది. ఒకరోజు సర్వర్ కూలిపోయేదాకా ఎవరూ పట్టించుకోరు. ఇదీ అచ్చం అలాంటిదే. కాకపోతే మేం సర్వర్‌ని రీస్టార్ట్ చేసుకుంటాం. భూమికి ఆ బటన్ లేదు.

ఇప్పుడు ట్యాంకులో ఆటోమేటిక్ గేజ్‌లు ఉంటున్నాయి. అక్కడి రూల్ ప్రకారం నెలనెలా చేసే ట్యాంకు పరీక్ష గంటకు 0.2 గ్యాలన్ల లీకుని పట్టుకోగలగాలి. అదీ 100 లీకుల్లో కనీసం 95 దొరికేలా, తప్పుడు అలారాలు 5 శాతం దాటకుండా. చూడ్డానికి గొప్పగా ఉంది కదా? గంటకు 0.2 గ్యాలన్లంటే ముప్పావు లీటరు. నెలకు దాదాపు 545 లీటర్లు. అంతకంటే చిన్న లీకు ఈ పరీక్షకి కూడా చిక్కకపోవచ్చు.

ఒక్క లీటరు చాలు

కారిన పెట్రోల్ మట్టిలోంచి కిందికి దిగుతుంది. భూగర్భ జలం తగిలాక ఆగుతుంది. నీళ్లకంటే తేలిక కాబట్టి పైన పొరలా తేలుతుంది. అక్కడితో అయిపోతే పైనుంచి తోడేసుకోవచ్చు. కానీ అందులోని బెంజీన్, టాలుయీన్ లాంటివి కొద్దికొద్దిగా నీళ్లలో కరిగి, నీటి ప్రవాహంతో పాటు కదులుతాయి. పొగగొట్టం నుంచి గాలి వాటున పొగ తోకలా సాగినట్టు, నేల కింద ఒక తోక సాగుతుంది. దాన్ని ప్లూమ్ అంటారు.

వీటిలో అసలు విలన్ బెంజీన్. అది క్యాన్సర్ కారకం. తాగేనీటిలో దానికి అమెరికా పెట్టిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పింది 10. మన దేశంలో పెట్రోల్‌లో బెంజీన్ 1 శాతం దాకా ఉండొచ్చు. ఒక లీటరు పెట్రోల్‌లో అంత ఉందనుకుని కాగితం మీద లెక్కేశా. 10 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 8.8 గ్రాములు. అమెరికా పరిమితితో భాగిస్తే 17 లక్షల లీటర్లకు పైగా నీళ్లు. మన వీధుల్లోకి వచ్చే 5,000 లీటర్ల వాటర్ ట్యాంకర్లయితే ఓ 350. నిజానికి అన్ని నీళ్లూ పాడవ్వవు, కొంత ఆవిరవుతుంది, కొంత మట్టికి అతుక్కుంటుంది. అయినా ఒక్క లీటరుకున్న సత్తా ఎంతో తెలుస్తుంది కదా.

నేలకి స్కానింగ్

ఫేజ్ వన్‌లో తవ్వకాలేమీ ఉండవు. పాత ఫొటోలు, పర్మిట్లు, ఫైర్ డిపార్ట్‌మెంట్ రికార్డులు వెతుకుతారు. ఊళ్లో పాతవాళ్లని అడుగుతారు. స్థలమంతా తిరిగి, ఎక్కడైనా పాత వెంట్ పైపు, మట్టిలో కూరుకుపోయిన మూత కనిపిస్తుందేమో చూస్తారు. తేడా ఉంటే ఫేజ్ టూ.

బావ వాళ్లు నలుగురూ డబ్బులేసుకుని ఫేజ్ టూ చేయించారు. ముందు రాడార్ పెట్టిన ఓ బండిని గడ్డి కోసే మిషన్‌లా నేలమీద తోస్తూ వెళ్లారు. పాత ఫొటోలో పంపులున్న మూల దగ్గర కింద పెద్ద ఆకారాలు కనబడ్డాయి. తర్వాత ఆరుచోట్ల బోరింగ్ వేసి మట్టి తీశారు. ఆ మట్టిని సంచిలో పెట్టి, ఆవిరిని వాసన చూసే మీటరు దగ్గర పెడితే అంకె ఎంత లేస్తే అంత అనుమానం. అనుమానం ఉన్నది ల్యాబ్‌కి పోతుంది.

నీళ్ల కోసం మూడు మానిటరింగ్ బావులు వేశారు. బావులంటే మన బావులు కాదు, సన్నటి పీవీసీ గొట్టాలు. మూడే ఎందుకంటే, మూడుచోట్ల నీటిమట్టం తెలిస్తేనే నేల కింద నీళ్లు ఎటు వాలుగా పారుతున్నాయో తేలుతుంది. రెండుంటే తేలదు. టేపు చివర సెన్సర్ కట్టి గొట్టంలోకి దించుతారు. నీళ్లకి ఒకరకం బీప్, పైన తేలే పెట్రోల్‌కి ఇంకోరకం బీప్.

రిపోర్టు వచ్చింది. పాత ట్యాంకులు అక్కడే ఉన్నాయి. ఒక బావిలో బెంజీన్ పరిమితికి పదుల రెట్లు. ప్రవాహం ఆగ్నేయం వైపు.

డీల్ క్యాన్సిల్. పరీక్షల ఖర్చు పోయింది, అంతే. నా పన్నెండు లక్షలు కదల్లేదు. ఆ రోజు సంతోషంగా బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నా.

క్లీనింగ్ అంటే ఏళ్లు

"కొనేసి క్లీన్ చేయించుకుంటే పోదా?" అని బావ ఫ్రెండ్ ఒకాయన అన్నాడట. అదెంత పనో అప్పుడు చదివాను. ట్యాంకుని, చుట్టూ నానిన మట్టిని తవ్వి తీయడం తేలిక భాగం. పైన తేలే పెట్రోల్‌ని తోడతారు. మట్టిలో మిగిలిన ఆవిరిని వ్యాక్యూమ్ పెట్టి నెలల తరబడి లాగుతారు. నీళ్లలోకి గాలి ఊదుతారు. నీళ్లు పైకి తోడి యాక్టివేటెడ్ కార్బన్‌లోంచి వడగడతారు. నేలలో ఉండే బ్యాక్టీరియా కూడా పెట్రోల్‌ని తింటుంది. దానికి ఆక్సిజన్ అందిస్తే ఇంకాస్త జోరుగా తింటుంది. చాలాచోట్ల బెంజీన్ తోక మరీ దూరం పోకుండా ఆగడానికి కారణం ఈ బ్యాక్టీరియానే.

చిక్కేంటంటే, పంపులు ఆపగానే అంకె మళ్లీ లేస్తుంది. బంకమట్టి సందుల్లో ఇరుక్కున్నది నెమ్మదిగా బయటికొస్తూ ఉంటుంది. బగ్ ఫిక్స్ అయిందని టికెట్ క్లోజ్ చేసిన మర్నాడే రీఓపెన్ అయినట్టు. అందుకే పని అయ్యాక కూడా బావులు అలాగే ఉంచి కొలుస్తూనే ఉంటారు.

బ్యాక్టీరియా సులువుగా తినలేనిది దిగితే ఏమవుతుందో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాకి బాగా తెలుసు. పెట్రోల్ పూర్తిగా మండి గాలి శుభ్రంగా ఉండాలని అమెరికాలో ఎంటీబీఈ అనే రసాయనం కలిపేవాళ్లు. అది నీళ్లలో ఇట్టే కరుగుతుంది, మట్టికి అతుక్కోదు, తొందరగా విరిగిపోదు. భూగర్భ ట్యాంకుల నుంచి, పైపుల నుంచి కారి నగరం బోర్లలో చేరింది. టర్పెంటైన్ లాంటి వాసన. 1996లో బోర్లు మూసేయాల్సి వచ్చింది. వాటిలో ఒక్క చార్నాక్ బోర్ల నుంచే నగరానికి దాదాపు సగం తాగునీరు వచ్చేది. ఆ తర్వాత నీళ్లు బయటినుంచి కొనుక్కున్నారు. ఆయిల్ కంపెనీలతో కోర్టుల్లో పోరాడారు. కార్బన్ ఫిల్టర్లతో ప్లాంటు కట్టి సొంత నీళ్లు మళ్లీ తాగేసరికి 2010 చివరికొచ్చింది. 14 ఏళ్లు. గాలి బాగుండాలని కలిపింది నీళ్లని తినేసింది.

బ్యాంకు ఎందుకు అడిగింది?

ఈ కథంతటికీ మూలం బ్యాంకు ఆ రిపోర్టు అడగడమే. వాళ్లకి పర్యావరణం మీద ప్రేమ పొంగి కాదు. కలుషితమైన స్థలం తాకట్టు పెట్టుకుంటే అప్పు మునుగుతుందని భయం.

ఆ భయం ఊరికే రాలేదు. 1983లో 'సిక్స్టీ మినిట్స్' టీవీ కార్యక్రమం ఈ లీకుల్ని బయటపెట్టింది. 1984లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. 1986లో ఒక నిధి పెట్టింది. గ్యాలన్‌కి సెంటులో పదో వంతు పన్ను, ఆ డబ్బుతో బాధ్యులు దొరకని లీకుల్ని శుభ్రం చేయాలి. బంకు నడిపేవాళ్లు ఒక్కో ప్రమాదానికి 10 లక్షల డాలర్ల దాకా భరించే ఏర్పాటు, అంటే ఇన్సూరెన్స్ లాంటిది, చూపించాలి. పాత ట్యాంకుల్ని మార్చడానికి 1998 డిసెంబరు దాకా గడువిచ్చారు. వెతకడం మొదలెట్టాక ఇప్పటిదాకా అక్కడ ఖరారైన లీకులు 5 లక్షలకు పైనే. వెతికితేనే దొరుకుతాయి. ఖర్చెవరిదో ముందే తేలితేనే వెతుకుతారు.

ఆగ్నేయంలో ఎవరున్నారు?

డీల్ పోయిన వారానికి అక్క ఫోన్ చేసింది. ఆ రిపోర్టు మ్యాపు ఆమె కూడా చూసిందట.

"ఆగ్నేయం వైపు నాలుగైదు ఇళ్లున్నాయి కదరా. ఊరవతల కదా, వాళ్లకి సొంత బోర్లే ఉంటాయి. వాళ్లకెవరైనా చెప్పారా?"

నాకు నోట మాట రాలేదు. 212 పేజీలు చదివిన నేను ఆ ఇళ్లని కూడా చూశాను. మ్యాపులో చిన్న చిన్న చతురస్రాలు. నా డబ్బు సేఫ్ అనగానే పీడీఎఫ్ మూసేశాను.

అక్కడ లీకు అనుమానం వస్తే 24 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి. ఆ రూల్ ఓనర్‌కి, నడిపేవాళ్లకి. కొనడానికొచ్చి వెనక్కెళ్లినవాళ్ల సంగతి అందులో లేదు. ఓనర్ ఏమో "నలభై ఏళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడట. బావ ఫ్రెండ్స్‌లో ఇద్దరు "మనకెందుకు, కోర్టు గొడవలు చుట్టుకుంటాయి" అన్నారు. బావ రెండ్రోజులు నలిగాడు. ఆ తర్వాత రాష్ట్ర పర్యావరణ శాఖకి ఫోన్ చేసి, రిపోర్టు పంపాడు. ఆ ఇద్దరూ ఇప్పుడు ఆయనతో మాట్లాడటం లేదు.

మన దగ్గరైతే?

ఇక్కడ స్థలం కొంటే ఈసీ తీస్తాం. లింక్ డాక్యుమెంట్లు చూస్తాం. వాస్తు చూస్తాం, ఆగ్నేయం మూల సంగతి మరీ మరీ అడుగుతాం. ఒకప్పుడు అక్కడ బంకు ఉండేదా, ట్యాంకులు తీశారా అని మాత్రం ఎవరం అడగం. బ్యాంకూ సాధారణంగా అడగదు.

మనకిది రాదనుకోవద్దు. 2013లో చెన్నై తొండియార్‌పేటలో బోర్ల నుంచి నీళ్లతో పాటు పెట్రోలియం నూనె వచ్చింది. అక్కడ కారింది ట్యాంకు కాదు, భూగర్భ పైప్‌లైన్. కనిపెట్టింది ఏ సెన్సరూ కాదు, బోరు వేసుకున్న జనం ముక్కులు. మన బంకుల్లో వర్షాకాలం రాగానే "పెట్రోల్‌లో నీళ్లు" అని గొడవలు చూస్తుంటాం. ప్రతిసారీ ట్యాంకుకి చిల్లు పడిందని కాదు, మూతల దగ్గర నుంచి కూడా నీళ్లు దిగుతాయి. కానీ నీళ్లు లోపలికి వెళ్లే దారుంటే, పెట్రోల్ బయటికొచ్చే దారి కూడా ఉందేమో చూసుకోవాలి కదా.

రూల్స్ లేవని కాదు. కొత్త బంకు స్కూళ్లకి, ఆస్పత్రులకి, నివాస ప్రాంతాలకి 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. తప్పనిసరైతే 30 మీటర్లకి తగ్గకూడదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలన్నది వాటి సారం. అమలుకావాలంటే ముందు ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి, ఎవరో ఒకరు కొలవాలి.

కాబట్టి మీ బోరు నీళ్లలో పెట్రోల్ లేదా కిరోసిన్ వాసన వస్తే ఇవి గుర్తుపెట్టుకోండి.

మోటారు వేయొద్దు, సంపు మూత తీసి అగ్గిపుల్ల గీసి చూడొద్దు. ఆవిరి అంటుకుంటుంది. ఘాటు ఎక్కువుంటే 101కి ఫోన్ చేయండి.

మరగబెట్టి తాగొచ్చనుకోవద్దు. బెంజీన్ ఆవిరై మీ వంటింట్లోనే చేరుతుంది. ఇంట్లో ఉన్న ఆర్వో మీద కూడా భరోసా వద్దు.

టీడీఎస్ మీటరు పెట్టి "120 వచ్చింది, బాగుంది" అనుకోవద్దు. ఆ మీటరు లవణాల్ని కొలుస్తుంది. పెట్రోల్ దానికి కనబడదు. మామూలు వాటర్ టెస్టులో కూడా రాదు. ల్యాబ్‌లో 'బీటెక్స్' పరీక్ష కావాలని పేరుపెట్టి అడగండి. శాంపిల్ వాళ్లిచ్చే గాజు సీసాలోనే, గాలి బుడగ లేకుండా నిండుగా పట్టి, చల్లగా ఉంచి ఇవ్వాలి. వాటర్ బాటిల్‌లో సగం పట్టి తీసుకెళ్తే, ల్యాబ్‌కి చేరేలోపే ఉన్నది కాస్తా ఎగిరిపోతుంది.

రిపోర్టు చేతికొచ్చాక రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పక్కింటివాళ్లకి కూడా చెప్పండి. తోక మీ గోడ దగ్గర ఆగదు.

మొన్న సంక్రాంతికి అక్క ఒక ఫొటో పంపింది. అటువైపు వెళ్తూ తీసిందట. బంకు వెనక, ఇళ్లకి వెళ్లే దారి పక్కన నేలలో రెండు గుండ్రటి ఇనుప మూతలు. అరచేయి కంటే కాస్త పెద్దవి. వాటిమీద 'మానిటరింగ్ వెల్' అని రాసి ఉంది. అంటే ఎవరో కొలుస్తున్నారు. నీళ్లలో ఏం తేలిందో మాకింకా తెలీదు. ఆ ఇళ్లవాళ్లకి మాత్రం తెలుస్తుంది.

అప్పట్నుంచి హైదరాబాద్‌లో పెట్రోల్ కొట్టించుకున్న ప్రతిసారీ బంకు చుట్టూ నేలమీద అలాంటి మూత కోసం చూస్తున్నా. నాకైతే ఇంకా కనబడలేదు. మీకు కనిపిస్తే ఫొటో తీసి పంపండి.